గుడ్లగూబ సీసాలో ధనియాల వాసన

శీర్షిక చూసి ‘ఈవిడకేమైంది?’ అనుకోకండి. చివరిదాకా చదివాక మీరే చెప్పండి.

పోయిన నెల శ్రీహరికోట నుంచి బెంగుళూరులో మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడు ఆఫీసు పని మీద జపాన్, వియత్నాం తిరిగి నాలుగు బీరు సీసాలు తెచ్చుకున్నాడు. ఒకదాని మీద గుడ్లగూబ బొమ్మ! “శుభమా అని నేనొస్తే ఇదేంట్రా అబ్బయ్యా!” అన్నాను.

“ఇది చిన్న చిన్న బట్టీల్లో చేసే క్రాఫ్ట్ బీరు అక్కా. తాగమనను, వాసన చూడు చాలు” అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, “ధనియాలు! నారింజ తొక్క కూడా” అనేశాను. వాడు సీసా తిప్పి చదివి తెల్లబోయాడు. రెండూ ఉన్నాయి, జాజికాయతో సహా. చూశారా, మన పోపుల పెట్టె చదువు ఎక్కడ పనికొచ్చిందో!

ఆ గుడ్లగూబ బీరు చేసే కియుచి వాళ్లు 1823 నుంచి బియ్యం పులియబెట్టి ‘సాకే’ చేసేవాళ్లట. జపాన్‌లో ఏడాదికి 20 లక్షల లీటర్లు చేయగలిగితేనే బీరుకి లైసెన్సు ఇచ్చేవారు. 1994లో ఆ హద్దును 60 వేల లీటర్లకు దించాక చిన్నవాళ్లూ దిగారు. వీళ్లు 1996లో మొదలుపెట్టారు. వియత్నాంలోని హోచిమిన్ నగరంలో 2014లో పెట్టిన పాశ్చర్ స్ట్రీట్ వాళ్లయితే ఒక రకంలో మల్లెపూలు వేస్తారు. మల్లెలు జడలోకే అనుకున్న నాకు నవ్వాగలేదు.

చేసే పద్ధతీ మనకు కొత్తది కాదు. బార్లీని నానబెట్టి, మొలక కట్టి, ఆరబెడతారు. పసిపిల్లలకు మనం రాగిమాల్టు చేసేదీ ఇలాగే కదా! ఆ గింజల్ని మరపట్టి వేడినీళ్లలో ఉంచితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. హాప్స్ అనే తీగ పూలు వేసి కాస్తారు, చేదు వాటిదే. చల్లారాక ఈస్టు కలిపితే అది చక్కెరను తిని ఆల్కహాలునీ, గ్యాసునీ పుట్టిస్తుంది. కొన్ని గోధుమ బీర్లలో అరటిపండు, లవంగం వాసనలొస్తాయి. అవేమీ వేయరు, అంతా ఈస్టు మహిమ.

రుచి చూసేవాళ్లు గ్లాసులో కొద్దిగా పోసుకుని ముందు రంగు, తర్వాత వాసన చూసి, ఒక్క గుక్క నోట్లో తిప్పుతారు. తేలిక రకం ముందు, చేదు రకం తర్వాత, మధ్యలో మంచినీళ్లు. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పచ్చడిలాగా.

“ఒక్క గుక్కేగా అక్కా” అన్నాడు. నా చెయ్యి ముందుకు రాలేదు.

1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు నాకు పన్నెండేళ్లు. వాడు చంకలో బిడ్డ. సాయంత్రం నాయన అడుగుల చప్పుడు వింటే చాలు, ఆ రాత్రి అమ్మకు దెబ్బలున్నాయో లేదో తెలిసిపోయేది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. అప్పటికే నాయన కాలేయం పాడైపోయింది. ‘జ్వరమొచ్చి పోయాడు’ అని తమ్ముడికి చెప్పి పెంచాం. ఆ రోజు మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసు పక్కన పెట్టి, “ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మిగతా సీసాలు ఏం చేశాడో నేనడగలేదు.

‘బీరే కదా’ అంటుంటారు. అందులోనూ ఆల్కహాలే, మామూలుగా నూటికి ఐదు పాళ్లు. ఎంత కొద్దిగా తాగినా ఆరోగ్యానికి క్షేమం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. గర్భిణులు అసలు ముట్టకూడదు. బాలింతకు మంచిదని ఎవరైనా చెంచాడు పట్టించబోతే వద్దనండి.

మీ పిల్లలో, తమ్ముళ్లో దూరపు ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్నారా? బీరు పేరెత్తగానే ‘ఛీ’ అని లేచిపోకండి. వాళ్లు చెప్పేది వినండి. తర్వాత మీ ఇంట్లో జరిగింది మీరూ చెప్పండి. మేం ముప్పై ఏళ్లు దాచి బాగుపడిందేమీ లేదు.

వచ్చే వారం ఇంట్లోనే రాగిమాల్టు చేసుకునే పద్ధతితో కలుస్తాను. రాగులు ఇప్పుడే తెచ్చి ఉంచుకోండి!