మురుగును మింగే మడుగు

పులికాట్, చిల్కా వంటి విశాలమైన ఉప్పునీటి సరస్సులను ఇంగ్లీషులో ‘లగూన్’ అంటారు. అమెరికా ఇంజనీర్లు ఊరి మురుగు నిలిచే మడుగుకు కూడా ఆ పేరే పెట్టారు. అనువాదం చేస్తూ మొదటిసారి ఆ ప్రయోగం ఎదురైనప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. తప్పు కాదు, దాని వెనుక ఒక పేద ఊరి కథ ఉంది.

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో ఫెసెండెన్ అనే చిన్న ఊరు ఉంది. 1928లో మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టడం ఆ ఊరి తాహతుకు మించిన పని అయింది. గత్యంతరం లేక ఊరి వెలుపల ఉన్న ఒక సహజమైన పల్లంలోకి మురుగును మళ్ళించారు. కొన్ని నెలల తరువాత పరీక్షించి చూడగా, అందులోని నీరు ఖరీదైన కేంద్రాలలో శుద్ధి అయిన నీటికి ఇంచుమించు సాటిగా ఉన్నది! సుమారు ముప్పయ్యేళ్ళు ఆ గుంటే ఊరి అవసరం తీర్చింది. 1948లో అదే రాష్ట్రంలోని మ్యాడక్‌లో ఇంజనీర్లు లెక్కలు కట్టి మరీ ఇటువంటి మడుగును నిర్మించారు.

ఇంతకూ గుంటలో జరిగినదేమిటి? నాలుగైదు అడుగుల లోతున్న నీటిలో బరువైన మలినం అడుగుకు చేరి, గాలి సోకని చోట కుళ్ళి, క్రమంగా తరిగిపోతుంది. పైనీటిలోని సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యాన్ని తింటాయి. వాటికి ప్రాణవాయువు కావాలి. దానిని ఎండలో తయారుచేసి ఇచ్చేది పచ్చని నాచు. అందుకు ప్రతిఫలంగా అవి విడిచే బొగ్గుపులుసు వాయువును అది పుచ్చుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ రోగక్రిములు ఎండకు నశిస్తాయి. నులిపురుగుల గుడ్లు అడుగుకు దిగిపోతాయి. పంపులూ కరెంటూ లేకుండానే ఇదంతా జరుగుతుంది.

అలాగైతే మన పల్లెలలో మురుగు చేరే ప్రతి గుంటా శుద్ధి కేంద్రమేనా? కానే కాదు. ఎకరం నీటిపై పడే ఎండ కొన్ని ఇళ్ళ మురుగుకే చాలుతుంది. అంతకు మించి వదిలితే నీరు నల్లబడి కంపు కొడుతుంది. అడుగున బంకమట్టి దిమ్మిస చేయకపోతే మురుగు బావులలోకి ఊరుతుంది. గట్టువెంట కలుపు తీయకపోతే దోమలకు అదే నిలయం. కొన్నేళ్ళకొకసారి అడుగుమడ్డి తీయించాలి. మడుగు తవ్వడానికి ఒకసారి నిధులు దొరకవచ్చు. ఏటేటా గడ్డి కోసే మనిషికి కూలి ఇచ్చేదెవరు? మన పంచాయతీలలో ఇటువంటి పథకాలకు గండి పడేది ఇక్కడేనని నా అనుమానం.

ఎండ విషయంలో మాత్రం మనమే భాగ్యవంతులం. ఉత్తర డకోటాలో శీతకాలమంతా మడుగు గడ్డకట్టి, నాచు పని మందగిస్తుంది. నీటిని వసంతం దాకా నిలువ ఉంచవలసిందే. మంచు కరిగే రోజులలో దుర్వాసన తప్పదు. మనకా బెడద లేదు. నాగపూరులోని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ మన దేశ పరిస్థితులకు తగిన మడుగుల నిర్మాణంపై 1970లోనే ఒక గ్రంథం వెలువరించింది.

పంజాబులోని సీచేవాల్ గ్రామం ఈ పద్ధతికి మరొక మెట్టు జోడించింది. కాలీ బేయీ నదిని శుభ్రపరిచే ఉద్యమాన్ని 2000లో ప్రారంభించిన బల్‌బీర్ సింగ్ సీచేవాల్ ఊరు అది. అక్కడ మురుగు భూమిలోపలి గొట్టాల గుండా వచ్చి, వరుస బావులలో తేరి, ఆ తరువాత చెరువులో నిలిచి, పొలాలకు పారుతుంది. నీటిలో కరిగిన ఎరువు పైరుకు దక్కుతుంది. అయితే ఇటువంటి నీటిని పచ్చిగా తినే కూరలకు పెట్టేముందు పరీక్ష చేయించడం తప్పనిసరి.