ఓదార్పు ఒక్కటే చాలదు, కాగితం కూడా కావాలి

మొన్న ఒక శనివారం మా పల్లెలో మూడు పనులు జరిగాయి. పొద్దున గుడిలో ఆదరణ కూడిక. మధ్యాహ్నం గుడి పక్క రేకుల షెడ్డులో బొంతల కుట్టు. సాయంత్రం చనిపోయిన మిత్రుడి ఇంట్లో అర్జీ రాయటం. ఈ మూడూ ఒకటే పని అని మేము అనుకుంటున్నాం. కాదనేవాళ్లు మనలోనే ఉన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పోయినవాడు గురజాల వైపు నాలుగెకరాల మెట్ట కౌలుకు పట్టి మిరప వేసేవాడు. సొంతానికి సెంటు భూమి లేదు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చినా ఆ ఇంటి గడప తొక్కలేదు. కౌలు ముందే కట్టాలి. 2021లో పల్నాడు మిరపను నల్లతామర పురుగు ఊడ్చిపెట్టినప్పుడు చేసిన అప్పు ఇప్పటికీ తీరలేదు. దాని మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ. చివరికి తన ప్రాణం తనే తీసుకున్నాడు. చిన్నప్పుడు మేము పలక పట్టుకుని బడికి పోతే, అతను కర్ర పట్టుకుని ఆసామి గొడ్ల వెంట పోయాడు. మాకూ అతనికీ అంతే తేడా.

కూడికకు ముందు సంఘపెద్ద ఒకాయన, "ఆత్మహత్య పాపం గదయ్యా, గుళ్లో ఎందుకు, ఇంటికాడే చిన్న ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. మేము అడిగాం: పంట చేతికి రాకముందే కౌలు గుంజుకోవటం పాపం కాదా? నూటికి అయిదు వడ్డీ పాపం కాదా? పాపమంతా చచ్చినవాడి మీద మోపితే బతికున్నవాళ్లం పిలాతులాగా చేతులు కడుక్కున్నట్టే గదా? అయ్యగారు మా మాట విన్నారు. కూడిక గుళ్లోనే జరిగింది.

మధ్యాహ్నం ఆడవాళ్లు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టుకు కూర్చున్నారు. మిరపకోతలు లేని రోజుల్లో ఈ బొంతలే వాళ్లకు నాలుగు డబ్బులు. ఆ రోజు పోయినవాడి భార్యను కూడా తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. సూదీ దారం చేతికిచ్చారు. చాలాసేపటికి ఆమే నోరు తెరిచింది: "ఆఫీసోళ్లు వచ్చిపోయారక్కా. ఆయన రైతు కాదంట. పాసుబుక్కు ఏదీ అని అడిగారు."

అసలు సంగతి అక్కడుంది. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి సాయం చేయమని 2004లో 421 నంబరు జీవో వచ్చింది. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ అధికారి కలిసిన ముగ్గురి కమిటీ విచారించాలంది. 2019లో ఆ సాయాన్ని 7 లక్షలకు పెంచారు. కానీ కౌలుదారు చస్తే అతను సాగు చేసినట్టు కాగితం ఏదీ అంటారు. 2011 చట్టంలో కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఉండేది. 2019లో వచ్చిన చట్టం దాన్ని తీసేసి, 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉంటేనే కార్డు అంది. ఆసామి సంతకం పెడతాడా? పెడితే భూమి పోతుందని భయం, పంట రుణం తన పేరున రాదని బాధ. దున్నేవాడు మనవాడు, కాగితంలో రైతు ఆయన! చచ్చేటప్పుడు మాత్రమే ఆ చేను మనది.

సాయంత్రం మేము ఆమె ఇంట్లో కూర్చున్నాం. ఎరువుల కొట్టు బిల్లులు, మిరప యార్డు చీటీలు, అప్పు నోట్లు ఒక్కొక్కటీ వెతికి తీశాం. పక్క చేల వాళ్ల చేత "సాగు చేసింది ఇతనే" అని రాయించి సంతకాలు పెట్టించాం. ఇద్దరు వెనక్కి తగ్గారు, ఆసామికి భయపడి. నలుగురు పెట్టారు. జిరాక్సులకూ బస్సు చార్జీలకూ బొంతల డబ్బులోంచి ఆడవాళ్లే ఇచ్చారు.

1849లో ఫాదర్ హయ్యర్ గురజాల వచ్చాడు. ఆ తర్వాత మిషను బళ్లు, అంబేద్కర్ సాధించిపెట్టిన హక్కులు, ఈ రెంటి పుణ్యాన మాలాంటివాళ్లకు నాలుగక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాలు చావింటి గడప ఎక్కకపోతే వాటి అప్పు మనం తీర్చనట్టే.

అందుకని పల్లెల్లోని చదువుకున్నవాళ్లకు ఒక మాట. చచ్చాక అర్జీ రాయటం ఆలస్యమే. ఏరువాకకు ముందే, ఒక శనివారం, గుడిలో బల్ల వేసి కూర్చోండి. ఎవరు ఎవరి చేను పట్టారు, ఎన్నెకరాలు, కౌలెంత, సాక్షులెవరు, అన్నీ పుస్తకంలో రాయండి. బిల్లు ప్రతిదీ సాగు చేసేవాడి పేరునే అడిగి తీసుకోమనండి. ఆసామి సంతకంతో పని లేకుండా సాగుదారుకు కార్డు ఇవ్వాలని ఊరూరా తీర్మానం చేసి పంపండి.

లాజరు చనిపోతే యేసు ఏడ్చాడని చదువుకుంటాం. ఆ తర్వాత సమాధి మీది రాయి తీసే పని అక్కడున్న మనుషులకే చెప్పాడు. అది కూడా చదువుకుందాం. ఏడవటం మనకు బాగా వచ్చు. ఇక రాయి మీద చెయ్యి వేద్దాం.