ఫీజు కట్టే ముందు ఈ రెండు పేర్లు కొట్టి చూడండి

కలకత్తాలో కంప్యూటర్ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలకు, వారి తల్లిదండ్రులకు, పాఠాలు చెప్పే మాస్టార్లకు విజ్ఞప్తి!

సెక్టార్ ఫైవ్‌లో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో మన పిల్లలు పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ కోర్సుల్లో చేరుతున్నారు. కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకం కొనుక్కుని, అందులో ఉన్నదున్నట్టు ‘మైఎస్‌క్యూఎల్_కనెక్ట్’ అని కొడితే అలాంటి ఫంక్షనే లేదంటూ ఎర్రర్ వస్తుంది. ఆ పాత ఫంక్షన్లు వాడొద్దని 2013లో, పీహెచ్‌పీ 5.5 వెర్షన్‌తోనే హెచ్చరించారు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. తీసేసిన పాఠానికి ఇంకా ఫీజు ఎందుకు కట్టాలి?

చేరేముందు సెంటర్‌లో పిల్లలతో చేయించిన ఫారం ఒకటి చూపించమనండి.

పేరు గడిలో ముందు డి'క్రూజ్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఆంగ్లో ఇండియన్ల బో బ్యారక్స్ ఉన్న ఊళ్లో ఇలాంటి ఇంటిపేరు వింతేమీ కాదు. మధ్యలో ఉన్న ఆ చిన్న కొటేషన్ గుర్తుకే ఎర్రర్ వచ్చిందా, మనం కొట్టిన అక్షరాలను నేరుగా క్వెరీలో అతికించేస్తున్నారన్నమాట. ఆ సందులోంచే ఎవడైనా డేటాబేస్ మొత్తం తోడుకుపోగలడు. దీనికి మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. అందులో క్వెరీ వేరు, విలువ వేరు. ఏ గుర్తు కొట్టినా అది పేరులో భాగంగానే ఉంటుంది.

తర్వాత వెంకటేశ్వర్లు అని తెలుగులో కొట్టండి. సేవ్ చేశాక వరసగా ప్రశ్నార్థకాలు కనబడితే టేబులో, కనెక్షనో తెలుగు అక్షరాలు పట్టని లాటిన్1లో ఉండిపోయి ఉంటుంది. బెంగాలీ పేరుకూ అదే గతి. టేబుల్‌కూ, కనెక్షన్‌కూ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టాలి. అప్పటికే ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన పేర్లు మాత్రం తిరిగిరావు. అందుకే ఇది మొదటి రోజే చెప్పాల్సిన పాఠం.

మాస్టార్లను కోరేది ఇది:

• డేటాబేస్ పాఠాన్ని మైఎస్‌క్యూఎల్ఐతో గానీ, పీడీఓతో గానీ, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే మొదలుపెట్టండి.

• నేర్చుకునే సిస్టమ్‌లో ఎర్రర్లన్నీ తెరమీద కనబడనివ్వండి. తెల్లపేజీ చూసి పిల్లలు బెంబేలెత్తకూడదు. లైవ్ సర్వర్‌లో మాత్రం వాటిని లాగ్‌లోకి మళ్లించండి.

• పాస్‌వర్డ్‌ను ఎండీ5 చేయడం మాన్పించి, ‘పాస్‌వర్డ్_హ్యాష్’ నేర్పండి.

ఇందుకు కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, లైసెన్సు ఖర్చూ లేదు. పీహెచ్‌పీ మాన్యువల్ ఉచితం. మార్చాల్సింది పాత నోట్సు ఒక్కటే.

పిల్లలూ, ఆ రెండు పేర్లూ నిలవని చోట డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఈ కరపత్రం మాస్టారి బల్లమీద పెట్టి, రేపటి క్లాసు నుంచే పాఠం మార్చమని అడగండి.