కాలువ కట్టాకే మరమ్మతు

ఫోన్‌లో ‘అప్‌డేట్ వచ్చింది’ అని కనిపిస్తే చాలామంది ఏం చేస్తారు? రాత్రి పడుకునే ముందు ‘సరే’ అని నొక్కి ఛార్జింగ్‌కి పెట్టేస్తారు. తెల్లారేసరికి పని పూర్తవుతుంది. ఒకవేళ తేడా వచ్చినా మహా అయితే ఒకపూట ఫోన్ మాట్లాడటం కుదరదు. అదే అప్‌డేట్ ఒక ఐస్ ఫ్యాక్టరీని నడిపించే కంప్యూటర్‌కి చెయ్యాల్సివస్తే?

ఫ్యాక్టరీకి కంప్యూటరేమిటి అనుకోవద్దు. పాలకొల్లు చుట్టుపక్కల ఆధునిక యంత్రాలున్న రైస్ మిల్లులోనో, రొయ్యల ప్లాంటులోనో ప్యానల్ బోర్డు తలుపు తీయించి చూడండి. వైర్ల గుంపు మధ్య అరచేతంత పెట్టె, దానిమీద మిణుకుమనే పచ్చదీపం ఉంటాయి. కీబోర్డు ఉండదు, తెర ఉండదు. దాన్నే పీఎల్‌సీ అంటారు. ఏ మోటారు ఎప్పుడు తిరగాలి, ఏ వాల్వు ఎప్పుడు మూసుకోవాలి అన్నది దాని చేతిలోనే ఉంటుంది. సెకనులో వందోవంతు సమయంలోనే మీటర్లన్నీ ఒకసారి చదివి, లెక్క చూసుకుని, ఆజ్ఞలిచ్చి మళ్లీ మొదటికొస్తుంది. 1960ల చివర్లో అమెరికా కార్ల పరిశ్రమ కోసం పుట్టిందీ పెట్టె. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా రిలేల వైరింగంతా ఊడదీసి బిగించలేక ఈ దారి పట్టారు.

ఫోన్‌కి ఉన్నట్టే దీనికీ లోపల ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. అందులో లోపాలు బయటపడినప్పుడు తయారీ కంపెనీ కొత్తది విడుదల చేస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అని వెంటనే ఎక్కించాలా? ‘నిదానమే ప్రధానం’ అని ఆగాలా?

రెండు సామెతలూ నిజమే

2017 మే నెలలో ‘వన్నాక్రై’ వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

2024 జులై 19న దీనికి పూర్తిగా తిరగబడిన కథ జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మూర్ఛపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. సంస్థ తప్పును గంటన్నర లోపే సరిదిద్దినా, అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని మనుషులు ఒక్కోటిగా లేపాల్సి వచ్చింది.

అవి ఆఫీసు కంప్యూటర్లు కదా అంటారా? 2008 మార్చిలో అమెరికా జార్జియా రాష్ట్రంలోని హ్యాచ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఆఫీసు కంప్యూటర్‌కే అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేశారు. దాంతో ముడిపడి ఉన్న నియంత్రణ వ్యవస్థలో అంకెలు చెరిగిపోయాయి. శీతలీకరణకు నీళ్లు తగ్గిపోయాయని రక్షణ వ్యవస్థ భ్రమపడి రియాక్టర్‌ను ఆపేసింది. 48 గంటలు కరెంటు ఉత్పత్తి లేదు!

డెల్టా నేర్పిన పద్ధతి

మరి సురక్షితంగా చేసేదెలా? గోదావరి డెల్టా రైతుకు ఈ విద్య కొత్త కాదు. కాలువకు గండి పడితే తప్ప, పారే నీళ్లలో ఎవరూ మరమ్మతుకు దిగరు. దాళ్వా చేతికొచ్చాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. ఆ తర్వాతే పూడికతీత, తూముల బాగుచేత. పీఎల్‌సీకీ అంతే.

మొదట చెరువు నింపుకోవాలి. అంటే పెట్టెలో ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్‌ను, సెట్టింగులను కాపీ చేసి ఫ్యాక్టరీ బయట కూడా ఒకటి దాచాలి. ఎప్పుడో ఇచ్చిన పాత సీడీని నమ్ముకోకూడదు. మధ్యలో ఎవరెవరు ఏమేం మార్చారో దానికి తెలియదు.

కొత్త ఫర్మ్‌వేర్ తయారీదారు నుంచే రావాలి. పెట్టె మీది మోడల్ నంబరుకు సరిగ్గా అదే అయివుండాలి. వీలుంటే ముందు స్పేర్ పెట్టెలో వేసి చూడాలి.

తర్వాత సమయం. ఎక్కించేటప్పుడు పీఎల్‌సీ సాధారణంగా పని ఆపేస్తుంది కాబట్టి, యంత్రాలు ముందే ఆగి ఉండాలి. పడవలకు ఐస్ ఇచ్చే ఫ్యాక్టరీకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలం బాగా కలిసొస్తుంది. మధ్యలో కరెంటు పోతే పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. అందుకే యూపీఎస్ తప్పనిసరి.

పూర్తయ్యాక పచ్చదీపం వెలిగింది కదాని వెంటనే ఉత్పత్తి మొదలుపెట్టకూడదు. అమ్మోనియా పీడనం హద్దు దాటితే కంప్రెసర్ ఆగుతోందా? ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మోటార్లు నిలుస్తున్నాయా? ఒక్కొక్కటీ పరీక్షించాలి. ఆ పక్కన నిలబడి పనిచేసేవాళ్ల ప్రాణాలు ఈ పరీక్షల మీదే ఆధారపడి ఉంటాయి.

ప్రతి అప్‌డేటూ అవసరం కాదు. కంపెనీ ఇచ్చిన వివరం చదివితే సగం సంగతి తెలుస్తుంది. ప్రమాదకరమైన లోపాన్ని సరిదిద్దేదైతే వాయిదా పనికిరాదు. అప్పటిదాకా పీఎల్‌సీని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలి.

ల్యాప్‌టాప్‌తో వచ్చిన సర్వీసు ఇంజినీరును మిల్లు యజమాని ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘ఇది పనిచెయ్యకపోతే పాతదానికి ఎలా వెనక్కి వస్తాం బాబూ, ఎంతసేపు పడుతుంది?’ జవాబు తడుముకోకుండా వస్తే పని మొదలుపెట్టించవచ్చు. రాకపోతే కాఫీ ఇచ్చి, ఇంకో రోజు రమ్మనడమే మంచిది.