చిన్నోడికి ఇంట్ల పెట్టిన బడి



ఈ నెల పీఎఫ్ కాగితాల గురించి రాస్తానని పోయిన నెల మాటిచ్చాను. దాన్ని వచ్చే నెలకు జరుపుతున్నా, ఏమనుకోవద్దు. మొన్న బీడీలు అప్పజెప్పే లైన్లో నా ముందు నిలబడ్డ ఒక చెల్లె వల్ల ఇట్లయింది. బుట్టలో కట్టలు సర్దుకుంటూ మెల్లగా అడిగింది: “అక్కా, నీ కొడుకును బడి మానిపించి ఇంట్లనే చదివించినవట గదా. మా పిల్ల మూడోది. ఒక్క ముక్క చదవొస్తలేదు. నేను గూడ మానిపియ్యాలెనా?”

అప్పుడే మునీము నన్ను పిలిచాడు. తొందరలో “మాకైతే మంచిగైంది చెల్లె” అని ఒక్క మాట అనేసి ముందుకు పోయాను. తిరిగొచ్చేసరికి ఆమె లేదు. ఆ రాత్రంతా నాకదే రంధి. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. ఆ సగం మాట పట్టుకొని ఆమె పిల్లను ఇంట్ల కూర్చోబెడితే? అందుకని మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

మా చిన్నోడికి ఇప్పుడు 11 ఏళ్లు. వాడికి 7 ఏళ్లప్పుడు సంగతి ఇది. రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం, ఫీజు కట్టే బడి. సోలాపూర్ పూర్వభాగంలో మన గల్లీల్లో ఉన్నవాళ్లకు తెలుసు గదా, రెండు సాంచలు ఉన్న ఇంట్లోనూ పిల్లవాడు టై కట్టుకొని పోవాలని ఆశ. మాకూ అదే ఆశ. చిన్నోడు మాటల్లో చురుకు. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ గడగడా మాట్లాడేవాడు. సాంచ ఆగితే లోపల కూర్చొనే చెప్పేవాడు, కండె అయిపోయిందా, పడుగు పోగు తెగిందా అని. చప్పుడును బట్టి తెలిసేది వాడికి. కానీ పుస్తకం ముందర పెడితే వేరే పిల్లవాడు. ఇంగ్లీషు ‘బి’కి ‘డి’ రాసేవాడు. మరాఠీలో ‘ఘ’, ‘ధ’ చూడటానికి అక్కచెల్లెళ్ల లెక్క ఉంటాయి, ఆ రెండూ వాడికి ఒకటే. నిన్న వచ్చిన మాట ఇవాళ రాదు. బోర్డు మీదిది నోట్‌బుక్కులోకి దించుకోమంటే రెండు లైన్లు రాసి పెన్సిలు కొరుక్కుంటూ కూర్చునేవాడు.

బడిలో వెనక బెంచీకి పంపారు. డైరీలో ఎర్ర పెన్నుతో రాసేవారు. ఒకరోజు నన్ను పిలిచి, “ఇంట్లో తెలుగు మాట్లాడటం బంద్ చేయండి, అందుకే పిల్లవాడు గందరగోళం అవుతున్నాడు” అన్నారు. నేను నమ్మాను. మా అత్తమ్మకు మరాఠీ సరిగా రాదు. పాపం మనవడితో మాట్లాడాలంటే భయపడేది. రెండు నెలలు మా ఇంట్లో వాడితో ఎవరూ సుఖంగా మాట్లాడలేదు. జ్ఞాపకశక్తికని మెడికల్ షాపులో టానిక్కు కొని మూడు నెలలు పోశాను. అది దండుగ ఖర్చని తర్వాత తెలిసింది.

కొట్టాను కూడా. దాచిపెట్టి ఏం లాభం? ఒకసారి నా ముందర కండెల గంప ఉంది, వాడు అదే అక్షరం నాలుగోసారి తప్పు చెప్పాడు, చేతికొచ్చిన కండె విసిరాను. చెవి పక్కన తగిలి రక్తం వచ్చింది. వాడు ఏడవలేదు. “మమ్మీ, నేను కావాలని చేస్తలేను” అన్నాడు.

మరునాడు పని మానేసి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. ముందు కళ్లు, చెవులు చూశారు. ఇది నేను గట్టిగా చెప్పే మాట: ఏ పిల్లకైనా చదువు వస్తలేదంటే మొదలు చూపించాల్సింది అవే. బోర్డు కనిపించక, మాట సరిగా వినిపించక వెనకబడే పిల్లలు చాలామంది. సాంచల చప్పుడులో పుట్టి పెరిగే మన పిల్లల చెవుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మావాడికి రెండూ బాగున్నాయి. అక్కడి నుంచి పిల్లల మనస్తత్వం చూసే మేడం దగ్గరికి పంపారు. జిల్లా దవాఖానల్లో డీఈఐసీ అని ఒక విభాగం ఉంటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను ఉచితంగా చూస్తారు. చీటీ రాసేచోట ఆ పేరు చెప్పి అడగండి.

మేడం రెండు రోజులు వాడితో కూర్చుంది. బొమ్మలు, బిళ్లలు, కథలు, తర్వాత చదివించడం, రాయించడం. చివరికి చెప్పింది: “తెలివి మంచిగనే ఉంది. అక్షరాన్ని, దాని చప్పుడును జోడించుకోవడంలో అడ్డం వస్తున్నది. దీన్ని డిస్లెక్సియా అంటారు. మందు లేదు, టానిక్కూ లేదు. వేరే పద్ధతిలో, నిదానంగా చెప్పాలి.” తెలుగు మాట్లాడటం వల్ల ఇది రాదని, ఇంట్లో తెలుగు ఆపొద్దని కూడా చెప్పింది. సర్టిఫికెట్ ఇప్పుడే కాదు, 8 ఏళ్లు దాటినాక మళ్లీ పరీక్ష చేసి చూద్దాం అన్నది.

తర్వాత, “ఇది కొన్ని కుటుంబాల్లో నడుస్తది. మీ ఇళ్లల్లో ఇంకెవరికైనా చదువు ఇట్లనే కష్టమైందా?” అని అడిగింది. నేను లేదనబోతున్నా. మా ఆయన రాత్రి పాళీ చేసి నేరుగా వచ్చి పక్కన కూర్చున్నాడు. తల వంచుకొని, “నాకే” అన్నాడు. నాలుగోది అయినాక బడి ఎందుకు మానేశాడో పెళ్లయిన 14 ఏళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇంట్ల గరీబీ వల్ల అనే అనుకున్నా. ఆ రోజు నుంచి పిల్లవాడి మీద చెయ్యెత్తలేదు. చదువు చెప్పడానికి మాత్రం దగ్గరికి రాడు, ఇప్పటికీ.

బడివాళ్లకు దవాఖాన కాగితం చూపిస్తే, “మా దగ్గర అట్లాంటి టీచర్ లేదు” అన్నారు. వాడు పొద్దున బడి అనగానే వాంతి చేసుకునే దాకా వచ్చింది. అప్పుడు మానిపించాను. ఒక ఏడాది అనుకున్నా, ఏడాదిన్నర అయింది.

మొదటి నెల నేను చేసిందంతా తప్పే. బడి పద్ధతినే ఇంటికి తెచ్చాను. పొద్దున రెండు గంటలు కూర్చోబెట్టి, అయ్యేదాకా లేవనిచ్చేదాన్ని కాదు. మేడం విని నవ్వింది. 15 నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు, అంతే అన్నది. కానీ ఏ 15 నిమిషాలు? మన గల్లీలో సాంచలు ఆగేదెప్పుడు? చప్పుడుంటే వాడికి నా నోట్లోని ‘ప’కు, ‘బ’కు తేడా పట్టేది కాదు. అందుకని పనివాళ్లు రొట్టె తినే వేళ, పాళీ మారే వేళ, కరెంటు పోయిన వేళ, ఇవే మా పీరియడ్లు. కరెంటు పోతే గల్లీ అంతా తిట్టుకునేది, మేమిద్దరం పలక పట్టుకొని కూర్చునేవాళ్లం.

ఏ భాషలో మొదలుపెట్టాలి? మేడం చెప్పింది, వాడు ఇంట్ల మాట్లాడే భాషలో పెట్టు అని. తెలుగులో అక్షరం ఎట్ల ఉంటే అట్లనే పలుకుతది, ఇంగ్లీషులో అట్ల కాదు. కానీ నేను చదివింది మరాఠీ బడిలో, తొమ్మిది దాకా. తెలుగు మా నాయన నేర్పాడు, గిర్నిలో పని చేసి వచ్చి, పాత పెద్దబాలశిక్ష ముందర వేసుకొని. నాకే ఒత్తులు తడబడతాయి. వాడితోపాటు నేనూ మళ్లీ దిద్దుకున్నా.

స్టీలు పళ్లెంలో జల్లెడ పట్టిన ఇసుక పోసి, వేలితో అక్షరం రాస్తూ నోటితో ఆ చప్పుడు పెద్దగా అనాలి. తర్వాత అదే అక్షరం బండల మీద తడి గుడ్డతో పెద్దగా. కన్ను, చెవి, చెయ్యి మూడూ కలిస్తే నిలుస్తది. ఒక్క అక్షరం మూడు రోజులు పట్టినా పట్టనీ, రెండోదానికి పోవద్దు. ఒకేలా కనిపించేవి ఒకేసారి చెప్పొద్దు. నేను ‘ప’, ‘వ’ ఒకే వారం చెప్పి రెండూ చెడగొట్టాను. తర్వాత ‘ప’ గట్టిపడ్డాక నెలకు ‘వ’ మొదలుపెట్టాను. గుణింతానికి రంగు సుద్దలు: అక్షరం తెల్లగా, గుడి, దీర్ఘం, కొమ్ము ఎర్రగా. ఒత్తులైతే మమ్మల్ని ఏడిపించాయి. ‘క’ కింద ‘క’ ఒత్తు అదే తీరుగా ఉంటది, ‘మ’ ఒత్తు చూడండి, ‘మ’ లెక్కనే ఉండదు. ‘అక్క’ రెండు రోజుల్లో వచ్చింది. ‘అమ్మ’కు మూడు వారాలు పట్టింది. నాకు కొంచెం రోషం వచ్చింది కూడా.

చదివేటప్పుడు అట్టముక్కకు ఒక లైను పట్టేంత కిటికీ కోసి పుస్తకం మీద పెట్టేదాన్ని, మిగతా లైన్లు కనిపించకుండా. ఒక లైను నేను, ఒక లైను వాడు. లెక్కలకు బీడీలు. మా దగ్గర కట్టకు 25. నాలుగు కట్టలైతే 100, 40 కట్టలైతే 1000. ఎక్కం నోటికి రానివాడు కట్టలు చేతిలో ఉంటే తప్పు చెప్పేవాడు కాదు.

ఒకసారి మార్కండేయ గుడి దగ్గర బోర్డు చూసి “మార్కండేయ” అన్నాడు. నేను సంబరంతో మేడంకు ఫోన్ చేశాను. “అది చదవడం కాదమ్మా, అందాజు. గుడి ముందర ఇంకేం రాసి ఉంటది?” అన్నది. నిజమే. వాడు ఎన్నడూ చూడని మాట ముందర పెట్టి చదివించాలి, అప్పుడే తెలుస్తది.

అందరూ ఆ హిందీ సినిమా పేరు చెప్పేవాళ్లు, 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’. మంచి సినిమానే, పది మందికి ఈ సంగతి తెలిసింది దానివల్లనే. కానీ అందులో మాస్టరు వస్తాడు, పిల్లవాడు బొమ్మ గీసి బహుమతి గెలుస్తాడు. మా ఇంటికి ఏ మాస్టరూ రాలేదు, చిన్నోడు గీసే బొమ్మలు ఏమంత బాగుండవు.

ఇక ఆ చెల్లెకు చెప్పని మాట. నేను రోజుకు 1000 బీడీలు చేసేదాన్ని. చదువు మొదలుపెట్టాక 600 దాటలేదు. ఆ తక్కువ పడ్డ 400లో సగం ఎవరు చేశారు? నా పెద్దపిల్ల. అప్పుడు ఏడోది చదువుతున్నది. బడి నుంచి రాగానే చేట ముందర వేసుకొని కూర్చునేది. నేను చెయ్యమనలేదు, వద్దని కూడా అనలేదు. ఆ ఏడాది దానికి మార్కులు తగ్గాయి. తమ్ముడికి చదువు రావాలని అక్క చదువు కోసి పెట్టినట్టయింది. అది తప్పని అప్పుడూ తెలుసు. ఇప్పుడు కాలేజీలో ఉంది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తదు. ఎత్తితే నా దగ్గర జవాబు లేదు.

చిన్నోడికీ నష్టమైంది. ఏడాదిన్నర తోటి పిల్లలు లేరు. కండెలు చుట్టే ఆడవాళ్లే స్నేహితులు. పిల్లల ఆటలో ఎట్ల కలవాలో మరిచిపోయాడు.

అందుకే తిరిగి బడికి పంపాను, ఈసారి మున్సిపల్ మరాఠీ బడికి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. పాత బడి టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. కొట్టడం, మనసు నొప్పించడం ఆ చట్టంలోనే నిషేధం. ఇంటి దగ్గర చదువుకునే హక్కు 2012 సవరణలో రాశారు, కానీ అది తీవ్రమైన వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్న పిల్లలకు. మంచం దిగలేని పిల్ల ఉన్న ఇల్లు మన బస్తీల్లోనూ ఉంది, వాళ్లకు ఈ సంగతి చెప్పండి. 2016 దివ్యాంగుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, చదువులో వచ్చే ఈ అడ్డం కూడా అందులో ఒకటి. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షలో ఎక్కువ సమయం, రాసిపెట్టే మనిషి దొరుకుతారు. బడి ఎట్లా కుదరనివాళ్లకు ఎన్‌ఐఓఎస్ అనే సర్కారు ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే పది పరీక్ష అక్కడ రాయొచ్చు. చిన్నపిల్లలకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లు కూడా ఉన్నాయి.

కొత్త బడిలో వారానికి ఒకసారి ప్రత్యేక టీచర్ వస్తుంది. ఒక్కోవారం రాదు. చిన్నోడు ఇప్పుడు ఐదోది. తెలుగు నిదానంగా చదువుతాడు, మరాఠీ ఇంకా నిదానంగా, ఇంగ్లీషు కష్టం. రాత తప్పులు అట్లనే ఉన్నాయి. కానీ పొద్దున వాంతి లేదు. ఈ కాలమ్‌లో మొదటి రెండు లైన్లు మొన్న వాడే చదివి, “నా గురించి రాస్తున్నవా?” అని అడిగాడు. రాయనా అంటే, కండె సంగతి తీసెయ్యమన్నాడు. వద్దురా అని బతిమాలితే ఒప్పుకున్నాడు.

చెల్లె, ఇది నీ కంట పడితే ముందు బడి మానిపియ్యకు. పిల్ల కళ్లు, చెవులు చూపించు. పెద్దపిల్ల ఉంటే దాన్ని చేట ముందర కూర్చోబెట్టకు. గురువారం బీడీలిచ్చే రోజు మళ్లీ ఆ లైన్లోనే ఉంటా. పిల్లను వెంట తీసుకురా. ఇసుక పళ్లెం ఇప్పుడు మావాడికి అక్కర లేదు, నీకిస్తా.