ఏడుపు పాటలు కాదు, లెక్కలు

“మనిషికీ ప్రకృతికీ మధ్య నిరంతర పోరాటం.” ఎం.ఏ. విద్యార్థులకి ‘ది పర్‌ఫెక్ట్ స్టార్మ్’ సినిమా చూపించి వ్యాసం రాయమంటే సగానికి పైగా ఈ మాటతోనే మొదలుపెట్టారు. తప్పు వాళ్ళది కాదు. సముద్రం కథ కనబడగానే ఆ మాట అతికించడం నేర్పింది సాహిత్యం పాఠం చెప్పే మనమే.

1991 అక్టోబరు చివర అట్లాంటిక్ తుఫానులో ఆండ్రియా గెయిల్ అనే చేపల పడవ ఆరుగురు మనుషులతో సహా మాయమైంది. 2000లో వచ్చిన ఈ సినిమా దాని గురించే. అందులో పడవలోని ఐసు యంత్రం పాడవుతుంది. పట్టిన చేప కుళ్ళకముందే ఒడ్డుకి చేర్చి అమ్ముకోవాలి గనక తుఫానుకి ఎదురెళ్తారు. అంటే మనిషీ ప్రకృతీ తోపాటు అక్కడ చేప ధర ఉంది, యజమాని ఉన్నాడు, వాటాల లెక్క ఉంది. వాతావరణం గురించి రేడియోలో హెచ్చరించే స్త్రీ కెప్టెన్ కూడా ఉంది. విద్యార్థుల వ్యాసాల్లో ఒడ్డున ఎదురుచూసే ప్రియురాలు కనబడింది గానీ ఈ కెప్టెన్ ఒక్కదాంట్లోనూ కనబడలేదు.

తుఫానుని విధిగా చూపించే కథనం ఎవరికి పనికొస్తుంది? తుఫాను చంపిందంటే ఇంకెవర్నీ ఏమీ అడగనక్కర్లేదు.

ఇంగ్లండులోని హల్ పట్టణపు ఆడవాళ్ళకి ఈ సంగతి 1968లోనే అర్థమైంది. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో, నాలుగు వారాలు తిరక్కుండా, ఆ ఊరి ట్రాలర్లు మూడు మునిగిపోయాయి. 58 మంది చనిపోయారు. మూడో ఓడ నుంచి ఒకే ఒక్కడు బతికి బయటపడ్డాడు. మొదటి ఓడ సెయింట్ రొమానస్‌లో రేడియో ఆపరేటరే లేడు. దాని నుంచి మాట ఆగిపోయి రెండు వారాలు దాటేవరకూ ఒడ్డున ఎవరూ వెతకడం మొదలుపెట్టలేదు. ఆ ఆలస్యం సముద్రానిదా?

చేపల ఫ్యాక్టరీలో పనిచేసే లిలియన్ బిలోకా సంతకాల సేకరణ మొదలుపెట్టింది. క్రిస్టీన్ జెన్సన్, మేరీ డెన్నెస్, ఇవాన్ బ్లెంకిన్‌సాప్ ఆమెతో కలిశారు. పదివేల సంతకాలు పోగయ్యాయి. ఓడ బయల్దేరేటప్పుడు ఆడవాళ్ళు రేవుకొస్తే అరిష్టమని నమ్మే ఊళ్ళో వాళ్ళు రేవు మీదికే నడిచారు. రేడియో ఆపరేటరు లేకుండా కదిలే ఓడలోకి దూకబోయిన బిలోకాని పోలీసులు పట్టి ఆపారు. లండన్ వెళ్ళి మంత్రుల్ని నిలదీశారు. ప్రతి ఓడకీ రేడియో ఆపరేటరు, మెరుగైన వాతావరణ సమాచారం, కొత్త కుర్రాళ్ళకి శిక్షణ, వైద్య సదుపాయమున్న ఓడ వెంట ఉండటం: ఇవీ వాళ్ళడిగినవి. ఆ పోరాటం వల్ల 88 భద్రతా చర్యలు అమల్లోకి వచ్చాయి.

మరి బిలోకాకి దక్కిందేమిటి? బెదిరింపు ఉత్తరాలు. ఉద్యోగం పోయింది. చేపల పరిశ్రమలో మళ్ళీ ఎవరూ పని ఇవ్వలేదు. 1988లో చనిపోయింది. ఏడ్చి ఊరుకుని ఉంటే అందరూ ఓదార్చేవాళ్ళే. ఆమె లెక్క అడిగింది.

ఇంత చెప్పే నేనేం చేశాను? పీహెచ్‌డీ అయ్యాక ఒక ప్రాజెక్టు పని మీద కాకినాడ వైపు ఒక మత్స్యకార గ్రామానికి వెళ్ళాను. 1996 నవంబరు 6 తుఫాను గోదావరి జిల్లాల్ని ఊడ్చేసినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. నా ప్రశ్నావళిలో ఒక విభాగం పేరు ‘ఎదురుచూపు పాటలు’. ఎండుచేపలు ఎగదోస్తున్న ఒక పెద్దామె నా మాట విని, చేతిలో పని ఆపకుండానే అంది: “ఏడుపు పాటలు నాకు రావమ్మా. లెక్కలు చెప్తాను, రాసుకుంటావా?”

రాసుకున్నాను. ఐసు, డీజిలు, బియ్యం అప్పు మీద ఎక్కించారు. ఆ అప్పు తీరేంత చేప పడకుండా వెనక్కొస్తే కలాసీలకి వాటా లేదు. బోటులో వైర్‌లెస్ లేదు. ఆమె భర్త శవం దొరకలేదు. శవం లేదు గనక కాగితం లేదు. ఇంటి పట్టా ఆమె పేర మారడానికి ఏడేళ్ళు పట్టింది. “బొట్టెట్టుకుంటే కొందరు నవ్వారు, తీసేత్తానంటే కొందరు తిట్టారు. ఆఫీసోళ్ళకి మాత్రం ఏడేళ్ళూ నేను ముత్తైదువునే.”

నాకు కావలసిన పాట దొరకలేదని ఆ పూట నేను నిరాశపడ్డాను. సిగ్గుపడుతూ రాస్తున్నానీ మాట.

ఆ ఏడేళ్ళు ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కల్పించినవి కావు. 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షనులో ఉన్నవి. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. చట్టం పేరు మారింది గానీ ఏడేళ్ళు మారలేదు. మనిషి ఎక్కడికో వెళ్ళిపోవడం వేరు, తుఫానులో చిక్కిన బోటుతో సహా రాకపోవడం వేరు. చట్టం రెండింటికీ ఒకటే గడువు పెట్టింది.

2017లో ఓఖీ తుఫాను వచ్చేసరికి కన్యాకుమారి, తిరువనంతపురం తీరాల బోట్లు ఎన్నో నడిసముద్రంలో ఉన్నాయి. హెచ్చరిక వాటికి అందలేదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ రోడ్ల మీదికి, రైలు పట్టాల మీదికి వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాతే గల్లంతైనవాళ్ళ కుటుంబాలకి ఏడేళ్ళు ఆగకుండా పరిహారం ఇవ్వడానికి ప్రభుత్వాలు దిగొచ్చాయి. అడిగితే వీలవుతుందన్నమాట. కానీ ప్రతి తుఫానుకీ పట్టాల మీద కూర్చోవాలా? రేవులో రాసుకున్న కలాసీల జాబితా, తుఫాను తేదీ, ఇంటి ఆడమనిషి వాంగ్మూలం చాలవా? ఆమె మాటకి పాటలో ఉన్న విలువ సాక్ష్యంలో ఎందుకు లేదు?

కథలు రాసే స్నేహితులకీ, నాలాంటి పరిశోధకులకీ ఒక మాట. ఒడ్డున కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ ఆడమనిషిని కథలో పెట్టేముందు ఆమెనడగండి, బోటు ఎవరిది, అప్పెంత, వైర్‌లెస్ ఉందా, పట్టా ఎవరి పేర ఉంది అని. దుఃఖం రాయొద్దనడం లేదు. ఆ దుఃఖంలో ఈ లెక్కలు కూడా ఉన్నాయంటున్నాను.

పెద్దామె లెక్కలున్న నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ప్రాజెక్టు నివేదికలో వాటికి చోటు దొరకలేదు. సాహిత్యం కాదన్నారు. అప్పుడు నేనూ తలూపాను. ఇప్పుడు ఊపను.