పరీక్షనాళికలో విరుగుడు.. గొంతులో ముప్పు

ఆ మధ్య ఓ రాత్రి పన్నెండేళ్ల పిల్లాణ్ని తల్లిదండ్రులు క్యాజువాలిటీకి ఎత్తుకొచ్చారు. ట్యూషన్ నుంచి దాహంతో వచ్చి, సింకు పక్కనున్న సీసాలోవి నీళ్లనుకొని గుక్కెడు తాగేశాడు. అది బాత్రూం కడగడానికి తెచ్చిన యాసిడ్. ‘వెంటనే వంటసోడా కలిపి తాగించాం సార్. యాసిడ్‌కి సోడా విరుగుడే కదా!’ అన్నాడు తండ్రి. సోడా తాగాకే పిల్లాడికి వాంతులు మొదలయ్యాయి.

ఆయన చదువుకున్నవారే. చెప్పిందీ పుస్తకంలో ఉన్నదే. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు ఏర్పడతాయని పదో తరగతిలో మనమంతా రాసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ పాఠంలో సగమే గుర్తుంచుకున్నాం. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే వేడి పుడుతుంది. అదే వంటసోడా అయితే కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగుతుంది. గాజు నాళికలో అది ముచ్చటే. అప్పటికే కాలిన కడుపు మాత్రం ఆ వాయువుకు ఉబ్బిపోతుంది. వాంతి అయితే యాసిడ్ వచ్చిన దారినే వెనక్కి వెళ్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది.

‘కడుపులో ఎలాగూ యాసిడ్ ఉంటుంది కదా’ అని మీరు అడగవచ్చు. ఉంటుంది, అదీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అయితే జీర్ణాశయం లోపల దాన్ని కాచుకునే జిగురు పొర ఉంది. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు.

ఇంకో అపోహ.. ఆమ్లమే ప్రమాదం, క్షారం సాధువని. సింకు పైపు పూడుకుపోతే వేసే పొడిలో సాధారణంగా ఉండేది కాస్టిక్ సోడా. అది కొవ్వునూ, మాంసకృత్తులనూ కరిగించుకుంటూ లోలోపలికి దిగిపోతుంది. తాంబూలంలోకి వాడే సున్నమూ క్షారమే. పిల్లలు ఆ ట్యూబు నొక్కి ఆడుకుంటుంటే కంట్లోకి చిమ్మి, చూపే పోవచ్చు.

మూడోది.. బాగా శుభ్రం కావాలని యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లడం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులపై ప్రయోగించిన వాయువు అదే. తలుపు మూసిన బాత్రూంలో ఊపిరితిత్తులు దెబ్బతినడానికి ఎక్కువసేపు పట్టదు. ఘాటు తగిలితే అన్నీ అక్కడే వదిలేసి బయటి గాలిలోకి వచ్చేయండి.

మరి ప్రమాదం జరిగితే ఏం చేయాలి? చర్మం మీద పడితే తడిసిన బట్టలు తీసేసి, ధారగా పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడగండి. కంట్లో పడినా అంతే. రెప్పలు తెరిచి పట్టుకొని నీళ్లు పోస్తూనే ఉండాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి ప్రయాణం. మింగితే నోరు పుక్కిలించి ఉమ్మేయించండి. వేలు పెట్టి, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. సోడా, నిమ్మరసం, తెల్లసొన వంటి విరుగుళ్లు వద్దు. డాక్టర్ చెప్పేదాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి. 108కు ఫోన్ చేయండి, తాగిన సీసా వెంట తీసుకురండి. పెదాలు, నోరు బాగానే కనిపిస్తున్నాయని ఇంట్లో ఆగిపోవద్దు. లోపలి గాయం బయటికి కనిపించకపోవచ్చు.

యాసిడ్ అమ్మకాలపై 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు విధించింది. కొన్నవారి వివరాలు రాసుకోవాలి, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. అయినా వీధుల్లోకి వచ్చే బండ్ల మీద పాత కూల్‌డ్రింక్ సీసాల్లో అది ఇంకా దొరుకుతూనే ఉంది. అధికారులు ఆ బండ్ల వైపు చూడాలి. మనం మన ఇంటి వైపు చూసుకోవాలి.

ఆ పిల్లాడు బతికాడు. కానీ కొన్ని వారాలకు అన్నవాహిక కుంచించుకుపోయి ఇడ్లీ ముక్క కూడా దిగలేదు. ఇప్పుడు ఎండోస్కోపీతో విడతలవారీగా దాన్ని వెడల్పు చేయాల్సి వస్తోంది. అతనికి కావాల్సింది విరుగుడు కాదు.. యాసిడ్ దాని సొంత డబ్బాలో, చేతికి అందనంత ఎత్తులో, తాళం వేసిన అరలో ఉండటం. ఈ పేజీ మడిచే ముందు ఒకసారి లేచి మీ సింకు కింద ఏ సీసాలో ఏముందో చూసిరండి.